మోటారు పోయిందని చెప్పమన్నారు

2023 వేసవి. నంద్యాల జిల్లా కేంద్రమై ఏడాది దాటింది. ఆఫీసులు, ఆసుపత్రులతోపాటు హైదరాబాదు ఫ్యాషన్ అపార్ట్‌మెంట్లూ లేచాయి. అద్దెకు వచ్చేవాళ్ళు నీళ్ళు, లిఫ్టు అయ్యాక వాషింగ్ మెషిన్ ఉందా అని అడగడం అప్పుడప్పుడే మొదలైంది. ఆ మెషిన్లు బాగుచేసి బతికేవాణ్ణి నేను.

ఆ రోజు పిలిచింది ఒక ఫ్లాట్ ఓనర్. ఆళ్లగడ్డ వైపు భూములున్న రైతు కుటుంబం. పై అంతస్తులో పెద్ద ఫ్లాట్ కొనుక్కొని మారిపోయి, కింది ఫ్లాట్‌ను మెషిన్‌తో సహా ఒక నర్సమ్మకు అద్దెకిచ్చాడు. ఆమె పేరు సునీత, ఊరు దొర్నిపాడు. యుటిలిటీలో, అంటే వంటింటి వెనక బట్టలుతికే చిన్న వరండాలో, మెషిన్‌కు నీళ్ళు తెచ్చే ఇన్‌లెట్ పైపు కారుతోంది. నేను దాన్ని మారుస్తుంటే సునీత పక్కనే నిలబడి చేతులు చూపించింది. వేళ్ళ సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉంది.

"సబ్బునీళ్ళు తగిల్తే ఒకటే మంటన్నా. చేత్తో ఉతకద్దన్యాడు డాక్టర్. డ్యూటీలో కడుక్కోక తప్పదు, ఇంటికాడన్నా తప్పించుకుందామని మెషినుండే ఇంటి కోసం ఊరంతా తిరిగినా. ఆఖర్న ఇది దొరికింది."

పైపు బిగించి ఒక ట్రయల్ వాష్ వేయించాను. ఆమె తెల్ల యూనిఫాం లోపల తిరుగుతుంటే గాజు తలుపు ముందు చిన్నపిల్లలా కూర్చుని చూసింది.

అంతలో ఆమె నాయన సామాన్లతో దిగాడు. వెనకే ఓనరూ వచ్చాడు. మా వైపు ఇద్దరు కలిస్తే ముందు ఊరు, తర్వాత ఎవరింటోళ్ళు అని అడుక్కుంటాం. అడక్కపోతే పొగరనుకుంటారు. ఓనర్ యాస వినగానే పెద్దాయన మొహం విప్పారింది.

"మీది ఆళ్లగడ్డ సైడా అప్పా? ఎవరింటోళ్ళు?"

ఓనర్ తండ్రి పేరు చెప్పాడు.

"బాగా ఎరికప్పా! మా నాయన మీ చేన్లోనే జీతముండె. మీ జేజి సంగటి పెడ్తాండె. మా పాప మీ ఇంట్లోనే దిగిందంటే ఇంగ నాకేం దిగుల్లేదు."

జేజి అంటే నాయనమ్మ. జీతం ఉండడమంటే ఏడాది పొడుగునా ఒకే రైతు దగ్గర పాలేరుగా పనిచేయడం. పెద్దాయన దాన్ని చుట్టరికంలా చెప్పుకున్నాడు. ఓనర్‌కు అందులో కులం ఒక్కటే వినిపించింది. "ఔనా" అని పైకి వెళ్ళిపోయాడు.

మర్నాడు నాకు ఫోన్ చేశాడు. "ఆ మెషిన్ ఇప్పి తీసకపో. మోటారు పోయిందని చెప్పు ఆ పాపకు."

"మోటారు బాగుంది కదన్నా?"

"చెప్పింది చెయ్యప్పా. ఇల్లు ఇస్తామని మాటిచ్చినాం, తప్పల్యాం. మా ఆడోళ్ళ చీరలుతికిన మెషినది. దాంట్లో వాళ్ళ బట్టలేస్తారా? ఇంగ అది మాకొద్దు, నువ్వే పెట్టుకో."

ఒళ్ళు మండింది. ఆ ఇంట్లో ఆమె వండుకోవచ్చు, పడుకోవచ్చు, నెలనెలా అద్దె కట్టొచ్చు. బట్టలు మాత్రం ఆ డ్రమ్ములో తిరగకూడదు! అబద్ధం నేను చెప్పనని తెగేసి చెప్పి, మెషిన్ కోసం వెళ్ళాను. బండిలో డ్రమ్ము ఊగకుండా వెనక ట్రాన్సిట్ బోల్టులు బిగిస్తారు. అవి బిగిస్తుంటే సునీత వచ్చింది.

"ఏందన్నా, ఏమైంది దీనికి?"

"మెషిన్‌కేం కాలేదమ్మా."

"నిన్న మా నాయన మాట్లాడినందుకేనా?"

తల ఊపాను.

"ఆయనకు తెలియనీకన్నా. మోటారు పోయిందనే చెప్తా నేను. తెలిస్తే మళ్ళా యాడా నోరిప్పడు."

స్పానర్ కింద పెట్టాను. "ఇప్పుడీ మెషిన్ నాదే తల్లీ. ఇంకో ఇల్లు చూసుకో, ఆడికే తెచ్చి బిగిస్తా. దుడ్లేమీ వద్దు" అన్నాను.

"వద్దన్నా. వాళ్ళ బట్టలు తిరిగిన దాంట్లో నా బట్టలు నేనెయ్య."

ఆ నెలాఖరుకే ఖాళీ చేసింది. కొన్నాళ్ళకు ఆసుపత్రిలో కనిపించింది. మెషిన్‌కు చోటు లేని ఒంటి గదిలో ఉంటోందట, చేత్తోనే ఉతుక్కుంటోందట. గ్లౌజులు వేసుకుని ఉంది. చేతులెలా ఉన్నాయని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ మెషిన్ నా షాపులో ఎక్కువ రోజులు లేదు. కొనడానికొచ్చిన భార్యాభర్తలు, "ఇది ఎవరింట్లోదప్పా?" అన్నారు. సెకండ్‌హ్యాండ్ సరుకు కొనేవాళ్ళు అందరూ అడిగేదే అది. ఎలా వాడారో తెలుసుకోవడానికి అడుగుతారని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఓనర్ ఇంటిపేరు చెప్పాను. "ఐతే మంచిదే" అని, తలుపు కూడా తెరిచి చూడకుండా బండికెత్తించారు. వాళ్ళు అడిగింది మెషిన్ గురించి కాదని అప్పుడు తెలిసింది.