డ్రైవరు మారే చోటు

కాకినాడ నుంచి పని మీద వచ్చి, ఎల్బీనగర్‌లో దిల్‌సుఖ్‌నగర్‌కు క్యాబ్ ఎక్కాను. డ్రైవరు నర్సింహ ఒకప్పుడు రేసు కార్లు నడిపాడట.

"వేగమొక్కటే కాదు సార్. పగలు, రాత్రి ఆగకుండ నడపాలె. తెల్లారినంక గూడ బండి నడుస్తుంటే గదే గెలుపు. ఒక్కటే కారు, ఇద్దరం మారి మారి నడుపుతుంటిమి. దిగెటోడు కారు ఎట్లుందో ఎక్కెటోనికి చెప్పాలె," అన్నాడు. తనతో నడిపిన స్నేహితుడు శ్రీను పోయిన ఏడాది చనిపోయాడట.

ట్రాఫిక్ తప్పించి వెళ్తూ సరూర్‌నగర్ చెరువు పక్కన ఆపాడు. ఇంజిన్ ఆపకుండానే దిగి, తలుపు పట్టుకుని, తన ఖాళీ సీటు వైపు వంగాడు.

"బ్రేకు జర మెత్తగుంది, చూస్కో."

తర్వాత ముందు పక్క సీట్లో కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మిట్టమధ్యాహ్నం, వెనక సీట్లోంచి నేను ఖాళీ డ్రైవరు సీటునే చూస్తూ కూర్చున్నాను.

కాసేపటికి మళ్లీ స్టీరింగ్ ముందుకొచ్చి, ఎవరో చెబుతుంటే విన్నట్టు తల ఊపాడు. "ఎడమ దిక్కు ఎనక టైరు సూడమంటుండు సార్."

ఇద్దరం దిగి చూశాం. టైరులో మేకు దిగి, గాలి సన్నగా పోతోంది.

టైరు మార్చాక నర్సింహ తన పక్క సీటు తలుపు తీశాడు. "ముందు కూసోండి సార్, ఏసీ మంచిగొస్తది."

ఆ సీట్లో ఎవరూ లేరు. అయినా "పర్లేదండి" అని వెనకే కూర్చున్నాను.