నేను రాసిన నలభై నిమిషాలు

1993. గద్వాల బస్‌స్టాండులో ఓ మూలనున్న రేకుల గది నా ఆఫీసు. నేను ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్‌ని. హోదా వినడానికి బాగానే ఉంటుంది. బస్సు రాలేదని జనం తిడితే వినేదీ నేనే, ఎందుకు రాలేదని పైవాళ్లు గద్దిస్తే చెప్పుకునేదీ నేనే. సంస్థ పేరు, డిపో పేరు ఇక్కడ రాయను. ఇందులో జరిగిన తప్పు నాది. నా సంగతి నేను చెప్పుకుంటే చాలు. మొత్తం సర్వీసులో నాకు ఒక్క మెమో వచ్చింది. చాలామంది మెమోలు చించి పారేస్తారు. నేను నాదాన్ని పదిలంగా దాచుకున్నాను.

ఆ ఏడు మా డిపోకు హైర్ బస్సులు వచ్చాయి. అంటే అద్దె బస్సులు. ప్రైవేటు ఓనరు సొంతంగా బస్సు కొని, డ్రైవర్‌ను పెట్టి, డీజిల్ పోయించి, రిపేర్లు చేయించి మా రూటులో తిప్పుతాడు. కండక్టర్ మావాడు, టికెట్ మాది, టైం టేబుల్ మాది. బస్సు నిండినా, ఖాళీగా తిరిగినా ఓనరుకు ఒకటే. తిరిగిన కిలోమీటరుకు ఇంతని ఇస్తాం. ఆలస్యంగా చేరితే కోత పెడతాం. కొత్త బస్సులు కొనే శక్తి లేని సర్కారుకు ఇది కలిసొచ్చిన ఏర్పాటు. కాగితం మీద చదివితే ఎక్కడా వంక కనబడదు. నాకూ కనబడలేదు.

ఒప్పందంలో రన్నింగ్ టైం అని ఒకటి రాస్తారు. ఇక్కడ బయలుదేరిన బస్సు అక్కడికి ఎన్ని నిమిషాల్లో చేరాలో చెప్పే లెక్క. అది రాసే పని నాది. మల్దకల్ నుంచి గద్వాలకు వచ్చే పొద్దుటి బస్సుకు నేను నలభై నిమిషాలు రాశాను. ఏడింటికి మల్దకల్‌లో బయలుదేరాలి, ఏడూ నలభైకి గద్వాల చేరాలి. ఊరికే రాయలేదు. డిపో నుంచి ఖాళీ బస్సు తీసుకుని, చేతిలో గడియారం పెట్టుకుని ట్రయల్ రన్ చేశాను. ప్రతి స్టేజీ దగ్గర, అంటే బస్సు ఆగాల్సిన చోట, వేగం తగ్గించమని డ్రైవర్‌కు చెప్పి కాగితం మీద టిక్కు పెట్టాను. నా టైం టేబుల్ చూసి గడియారం సరిచేసుకోవచ్చని ఆ రోజుల్లో ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టించింది కూడా నేనే.

బస్సులు మొదలై రెండు నెలలైంది. ఒకరోజు పొద్దున ఒకామె గది గుమ్మంలో నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. చెమటతో జాకెట్టు తడిసిపోయి ఉంది. పేరు సువార్తమ్మ. పులకలదొడ్డి ఆమెది, మల్దకల్‌కూ గద్వాలకూ నడిమధ్య ఉన్న చిన్న ఊరు. గద్వాలలో ఒక కాన్పుల దవాఖానలో ఊడ్చి తుడిచే పనికి కొత్తగా చేరింది.

"మీ కొత్త బస్సు ఆపుతలేడు సారూ. నేను స్టేజీ కాడనే ఉంట. చెయ్యి ఎత్తుత. జూస్కుంటనే పోతడు."

"వెనక ఇంకో బస్సుంది కదమ్మా?"

"అది వచ్చేవరకు ఎనిమిదిన్నర. నా డూటీ ఎనిమిదింటికి. లేటయిందని పెద్ద సిస్టర్ హాజరు పుస్తకంల రెండుసార్లు ఎర్ర గీత గీసింది. నాలుగో గీత పడితే పేరు కొట్టేస్తరంట." కొంగుతో మొహం తుడుచుకుంది. "పదేండ్లు బొంబయి పోయి మట్టి మోసినం సారూ. ఇప్పుడు ఊర్ల ఉండి తినే బువ్వ దొరికింది. ఈ నౌకరి పోతే మల్ల బొంబయే."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, నా బస్సు మీద. సర్కారు బోర్డు పెట్టుకున్న బస్సు చెయ్యెత్తిన మనిషిని వదిలేసి పోవడమేమిటి? కండక్టర్‌ను పిలిచి కడిగేశాను. అతను నెమ్మదిగా విని, "గంట నా చేతిల ఉన్నది సార్, బ్రేకు ఆయన కాలి కింద ఉన్నది" అన్నాడు. నిజమే. డ్రైవర్ ఓనరు మనిషి. కండక్టర్‌కు నేను మెమో ఇవ్వగలను గానీ డ్రైవర్‌కు ఇవ్వలేను. ఓనరుకు ఘాటుగా ఒక ఉత్తరం రాశాను. రెండు రోజులు బస్సు ఆగింది. మూడో రోజు మళ్లీ షరా మామూలే. సువార్తమ్మకు మూడో గీత పడింది. ఆ కబురు చెప్పడానికి వచ్చినప్పుడు ఆమె అరవలేదు, ఏడవలేదు. "మీరు జెప్పినా ఇంటలేడంటే ఇగ ఎవలకు జెప్పాలె?" అని అడిగి వెళ్లిపోయింది. ఆ మాట నాకు చురుక్కుమంది.

మర్నాడు తెల్లవారుతూనే మొదటి బస్సు పట్టుకుని మల్దకల్ వెళ్లాను. హైర్ బస్సు డ్రైవర్ ఖాజా మియా. ఇరవై ఏళ్లు లారీ తోలి వచ్చిన మనిషి. గడ్డం నెరిసింది, చేతులు మాత్రం కొయ్యల్లా ఉన్నాయి. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. ఆయన పక్కన ఇంజను బానెట్ మీద కూర్చుని గడియారం తీశాను.

"ఇయ్యాల మీరున్నరు గద సాబ్. అన్ని స్టేజీల కాడ ఆపుత. టైం మీరే జూస్కోండ్రి" అన్నాడు. గొంతులో భయం లేదు, కాస్త వెటకారం ఉంది.

ఏడింటికి బయలుదేరాం. మొదటి ఊళ్లో మగ్గం నేసే ఒకాయన చీరల మూటతో వచ్చాడు. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు కింద పెట్టి, "మా అన్న వస్తుండు, జర ఆగు" అని తలుపు పట్టుకున్నాడు. అన్న తీరుబడిగా వచ్చాడు. తర్వాతి స్టేజీలో ఆరుగురు ఆడవాళ్లు, ఆరు కూరగాయల గంపలు. గంపలు టాపు మీదికి ఎక్కాలి, ఎక్కించినవాడు దిగాలి. ఆ తర్వాత ఒక మలుపులో ఖాజా మియా బస్సు ఆపి గట్టిగా హారన్ కొట్టాడు. రోడ్డు మీద పురుగు కూడా లేదు.

"ఎవరి కోసం?" అన్నాను.

"గీ ఊరోల్లు రోడ్డు మీద నిలవడరు సాబ్. హారన్ ఇన్నంక ఇండ్లకెల్లి బయటికొస్తరు. ఒకలు బువ్వ తింటుంటరు, ఒకలు చెప్పులు తొడుక్కుంటుంటరు. పాత బస్సోల్లు చేసిన అలవాటు."

అన్నట్టే ఇళ్లలోంచి జనం వచ్చారు. ఒకామె నోట్లో ముద్ద నములుతూనే ఎక్కింది. నేను ఖాళీ బస్సులో వచ్చి టిక్కు పెట్టిన స్టేజీ ఇదే. అప్పుడు నేను హారన్ కొట్టించలేదు, ఒక్క మనిషినీ ఎక్కించుకోలేదు. గడియారం వంక చూశాను. ఇంకా సగం దారి కూడా రాలేదు. ఉన్న నిమిషాల్లో సగానికి పైగా అయిపోయాయి.

పులకలదొడ్డి దగ్గర సువార్తమ్మ ఒక్కతే నిలబడి ఉంది. బస్సు ఆగితే ఒక క్షణం నమ్మలేదు. ఎక్కుతూనే, "ఏంది ఖాజన్నా, ఇయ్యాల బ్రేకు దొరికిందా?" అంది. బస్సంతా నవ్వింది. ఖాజా మియా నవ్వలేదు. గేరు మార్చి నాకు మాత్రమే వినబడేటట్టు అన్నాడు.

"ఆమెను ఇడిసిపెట్టి పోయినప్పుడల్ల నాకు మంచిగనిపిస్తదా సాబ్? ఎవరో పెద్దమనిషి ఆఫీసుల కూసోని నలభై నిమిషాలు రాసిండు. ఆగితే లేటు. లేటయితే మీరు ఓనరుకు కోత పెడతరు. ఓనరు నా జీతంల కోస్తడు. గా రెండు రోజులు ఆపిన, రెండు రోజులు కోసిండు. నాకూ పిల్లలున్నరు."

ఆ పెద్దమనిషిని నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. గద్వాల బస్‌స్టాండులో బస్సు ఆగేసరికి ఏడూ నలభై తొమ్మిది. తొమ్మిది నిమిషాలు ఆలస్యం. ఖాజా మియా ఎక్కడా ఊరికే ఆగలేదు. చాయ్ కూడా తాగలేదు. ట్రయల్ రన్‌లో నేను బస్సును కొలిచాను, ఎక్కే జనాన్ని కొలవలేదు. ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

సువార్తమ్మ దిగుతూనే పరుగెత్తింది. బస్‌స్టాండు నుంచి ఆ దవాఖానకు పావుగంటకు పైగా నడక, పరుగెత్తినా పన్నెండు నిమిషాలు పడుతుంది. నేనూ వెనకాలే పోయాను, అందుకోలేకపోయాను. నేను వెళ్లేసరికి పెద్ద సిస్టర్ రిజిస్టర్ మీద వంగి ఎర్ర పెన్ను మూత తీస్తోంది. టైం ఎనిమిదీ నాలుగు.

"సిస్టర్, ఆమె తప్పేం లేదు. మా బస్సు ఆలస్యమైంది" అన్నాను.

"అందరు అట్లనే అంటరు. మీరెవరు?"

చెప్పాను. ఆమె నన్ను కింది నుంచి మీది దాకా చూసి, "బస్సాయన వచ్చి చెప్పుడు ఇదే మొదటిసారి. నోటిమాటతోని నేను డాక్టర్ సాబ్‌కు ఏం చెప్పాలె? కాగితం మీద రాసిస్తరా?" అంది.

మా ఉద్యోగాల్లో అందరికీ తెలిసిన నీతి ఒకటుంది. నోటితో ఎన్ని క్షమాపణలైనా చెప్పు, కాగితం మీద మాత్రం తప్పు ఒప్పుకోకు. సువార్తమ్మ చీపురు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడి ఉంది, ఇంకా రొప్పుతూనే. నేను కాగితం అడిగి తీసుకున్నాను. ఈమె రోజూ సమయానికి స్టేజీలో నిలబడినా మా బస్సు ఆగలేదని, ఆగిన రోజున ఆలస్యమైందని, దానికి కారణం నేను రాసిన రన్నింగ్ టైం తప్పు కావడమేనని రాసి సంతకం పెట్టాను. సిస్టర్ ముద్ర కూడా కావాలంది. బస్‌స్టాండుకు పోయి ముద్ర తెచ్చి వేశాను.

సిస్టర్ రెండుసార్లు చదివి పెన్ను మూత పెట్టింది. "ఇయ్యాల గీత గీయను. డాక్టర్ సాబ్‌కు చూపిస్త. కానీ సోమారం నుంచి ఒక్క రోజు లేటయినా నా చేతుల ఉండదు" అంది.

ఆ రోజు శుక్రవారం. ఒప్పందంలో రాసిన టైం మార్చాలంటే డిపో మేనేజర్ ఒప్పుకోవాలి, ఓనరు సంతకం పెట్టాలి. మధ్యాహ్నానికి మేనేజర్ ముందు నిలబడి కాగితం నకలు టేబుల్ మీద పెట్టాను. చదువుతుంటే ఆయన మొహం ఎర్రబడింది.

"తప్పు మాదేనని రాసిచ్చి ముద్ర కూడా వేశారా? మతి ఉండే చేశారా? రేపు ఓనరు ఇది పట్టుకొచ్చి కోతలన్నీ వాపసు ఇమ్మంటే?"

"ఇవ్వాలి సార్. న్యాయమే కదా."

అరగంట తిట్టారు. అక్కడికక్కడే మెమో టైపు చేయించి ఇచ్చారు. నేను తీసుకుని మడిచి జేబులో పెట్టుకుని, కదలకుండా అక్కడే నిలబడ్డాను.

"ఇంకేమిటి?"

"సోమవారం నుంచి బస్సు ముందుగా బయలుదేరాలి సార్. స్టేజీలన్నీ ఆపుకుంటూ వచ్చినా ఏడూ నలభైకి చేరాలి."

ఆయన మంచి మనిషే, పైవాళ్లంటే భయం అంతే. "ఎన్ని నిమిషాలు కావాలి?" అన్నారు.

"తొమ్మిది."

"పది రాసుకోండి, పోనీ."

"వద్దు సార్. పది రాస్తే దారిలో చాయ్ తాగుతారు."

ఆయనకు నవ్వు ఆగలేదు. ఫైలు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. ఓనరు శనివారం వచ్చాడు. కిలోమీటర్లు పెరగవని తెలిసి మొహం చిట్లించాడు గానీ కోతలు ఉండవని వినగానే పెన్ను అడిగాడు. ఖాజా మియాకు నేనే వెళ్లి చెప్పాను. ఆ నలభై నిమిషాలు రాసిన పెద్దమనిషిని నేనేనని కూడా చెప్పాను. ఆయన బీడీ ఆర్పి, "గది నాకెర్కే సాబ్. అందుకే గట్ల అన్న. తొమ్మిది నిమిషాలు ముందర లేస్తే నాకేం పోయింది?" అన్నాడు.

సోమవారం బస్‌స్టాండులో నేను ఏడున్నరకే నిలబడ్డాను. ఏడూ ముప్పై తొమ్మిదికి హారన్ వినబడింది. సువార్తమ్మ మెట్లు దిగుతూ నన్ను చూసి తలూపి, ఆగకుండా వెళ్లిపోయింది. ఆమెకు డ్యూటీ ఉంది మరి. ఆ రోజు నా నడకే వేరు. బస్‌స్టాండు నాదే అన్నట్టు తిరిగాను.

తర్వాత నేను చాలా ఒప్పందాలు చూశాను, కొన్ని రాశాను కూడా. సర్కారు ప్రైవేటువాడికి పని అప్పగించినప్పుడు అందరూ వాడు మోసగాడా మంచివాడా అని చూస్తారు. ముందు చూడాల్సింది మనం ఏం రాసిచ్చామన్నది. కిలోమీటర్లు అడిగితే కిలోమీటర్లే ఇస్తాడు. జనాన్ని ఎక్కించుకోమని అడగాలంటే, ఎక్కడానికి పట్టే సమయం మనమే ఇవ్వాలి. ఆ తర్వాత నేను ఏ రూటుకూ ఖాళీ బస్సులో ట్రయల్ రన్ చేయలేదు. కొత్త కుర్రాళ్లకు కూడా సంత రోజునే వెళ్లి కొలవమని నేర్పాను.

కొన్ని నెలల తర్వాత అదే బస్సులో తనిఖీకి వెళ్లాను. సువార్తమ్మ అప్పటికి దవాఖానలో పర్మినెంట్ అయింది. పులకలదొడ్డిలో ఎక్కి ముందు సీటులో కూర్చుంది. రెండు ఫర్లాంగులు దాటాక చేను గట్టు మీద నుంచి ఒక ఆడమనిషి చెయ్యెత్తింది. చంకలో పసిబిడ్డ. అక్కడ స్టేజీ లేదు. స్టేజీ లేనిచోట బస్సు ఆపకూడదన్నది నేను నోటీసు బోర్డు మీద స్వయంగా అంటించిన రూలు. వెనక నుంచి ఎవరో, "పోనియ్యి ఖాజన్నా, లేటయితది" అని అరిచారు.

సువార్తమ్మ లేచి కడ్డీ పట్టుకుంది. "ఆపన్నా. టైం ఉన్నది" అంది.

ఖాజా మియా నా వంక చూశాడు. నేను కిటికీలోంచి అటువైపు చేను చూడటం మొదలుపెట్టాను. బ్రేకు చప్పుడు వినబడింది. ఏడూ నలభైకి గద్వాలలో దిగాక సువార్తమ్మ ఆ పసిబిడ్డను తన భుజాన వేసుకుని, తల్లిని వెంటబెట్టుకుని, మామూలు నడకతో దవాఖాన వైపు వెళ్లింది.