అత్త మరిచిపోలేదు

ఆ ఉదయం హాస్టలు వరండాలో ఆరేసిన తెల్ల దుప్పటి మీద ఒక మిడత కూర్చుని ఉంది. గాలికి దుప్పటి ఊగుతున్నా అది కదలలేదు. దాన్ని చూస్తూ నిలబడి ఉండగా గేటు దగ్గర చిన్నాన్న కనిపించాడు. నరసన్నపేట నుంచి మొదటి బస్సుకి వచ్చాడు. చేతిలో సంచీ లేదు. సంచీ లేకుండా ఆయన ఎక్కడికీ రాడు.

"అత్త పోనాదే," అన్నాడు. "తెల్లారగట్ల, నిద్దట్లోనే. బట్టలు సర్దుకో, ఎల్దాం."

నేను ఏడవలేదు. సిస్టర్ దగ్గర సెలవు తీసుకుని, చీర మార్చుకుని వచ్చాను. బస్సులో చిన్నాన్న ఒక్కసారే మాట్లాడాడు. "అంత గ్యాపకం ఉన్న మనిసి మన కంపెనీలో మరి పుట్టదు," అన్నాడు. కొంచెం ఆగి, "ఆ ఒక్క రోజు తప్పిస్తే," అన్నాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆ ఒక్క రోజు గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది నాటకాల కుటుంబం. ముత్తాత రెండెడ్ల బండితో, ఒక రంగుల తెరతో మొదలుపెట్టిన కంపెనీ మాది. కంపెనీ అంటే మా ఇంటివాళ్లే. తాత రాజు, అత్త రాణి, చిన్నాన్న హార్మోనియం. ముత్తాత రాసిన ఆరు నాటకాలే మా ఆస్తి. మా అమ్మానాన్నలు నాకు ఊహ రాకముందే పోయారు. నన్ను పెంచింది మా నాన్నకు అక్కయిన ఈ అత్తే. ఆవిడ పెళ్లి చేసుకోలేదు.

అత్తకు అక్షరాలు రావు. ఆరు నాటకాలూ నోటికి వచ్చు. తన మాటలే కాదు, అందరి మాటలూ. గాజులకు ఎప్పుడూ నాలుగైదు పిన్నీసులు వేలాడుతూ ఉండేవి, ఎవరి వేషం ఎక్కడ చిరుగుతుందో తెలియదు కనుక. బియ్యం ఏరుతున్నా, జడ వేస్తున్నా పెదాలు కదులుతూనే ఉండేవి. "ఏంటత్తా గొణుగుతావు?" అంటే, "రేపటి కూడు వండుకుంటన్నానే," అనేది.

కంపెనీ చరిత్ర నాకు ఆవిడే చెప్పింది. ఆవిడకు సంవత్సరాలు తెలియవు, ఊళ్లే తెలుసు. శ్రీముఖలింగం అంటే తను మొదటిసారి తెర ముందుకు వచ్చిన చోటు. అప్పటిదాకా రాణి వేషం వేసేది తాత తమ్ముడు. ఆయనకు పెళ్లి కుదిరింది. ఇక మీసం తీయనని కూర్చున్నాడు. ఆడపిల్లను తెర ముందు నిలబెడతారా అని ఊరి పెద్దలు అడ్డుపడితే తాత, "రాణికి మీసముంటే బాగుంటాదేటి? మీరే సెప్పండి బాబూ," అన్నాడట. పద్నాలుగేళ్ల అత్త ఆ సాయంత్రం రాణి అయింది.

వంశధార అంటే బండి ఏట్లో ఒరిగిపోయి వేషాల పెట్టె తడిసిన చోటు. మఖమలు కోట్లన్నీ ఇసుక మీద ఆరబెడితే చుట్టుపక్కల వాళ్లు సంత అనుకుని వచ్చారట. ఒక ముసలాయన రాజు కోటు పట్టుకుని, "మా గుంటడి పెళ్లికి కావాల, ఎంతకిస్తావే?" అని అడిగాడు. "రాజ్జెంతో కలిపి అమ్ముతన్నాం, కొంటావేటి మావా?" అంది అత్త. ఆ సాయంత్రం తడి కోట్లతోనే ఆడారు. ముందు వరసలో ఆ ముసలాయనే కూర్చున్నాడు.

ఈ కథలు నాకు ఇష్టం. నాటకాలు మాత్రం నేను ఏనాడూ పూర్తిగా చూడలేదు. ఆరేళ్లకే నన్ను కాన్వెంటు హాస్టల్లో చేర్పించింది అత్త. "మనింట్లో ఒక్కర్తయినా కుర్సీలో కూకుని బతకాల," అంది. సెలవులకు వచ్చినప్పుడు నేను వేషాల పెట్టెల మధ్య కూర్చుని చదువుకునేదాన్ని. ముఖానికి రంగు పూసుకున్న నా వాళ్లను చూడాలంటే నాకు ఏదోలా ఉండేది. కాన్వెంటులో స్నేహితులకు మా వాళ్లకు వ్యాపారమని చెప్పాను.

మూడేళ్ల క్రితం పెద్ద సిస్టర్ నన్ను పిలిచారు. స్కూలు వార్షికోత్సవానికి మా కంపెనీ నాటకం పెట్టిస్తామన్నారు. ఆవిడకు ఎలా తెలిసిందో నాకు తెలియదు. "నువ్వు పుస్తకం పట్టుకుని పక్కన నిలబడు. ఎవరైనా మరిచిపోతే అందించు," అన్నారు. అత్త ఉండగా మా కంపెనీలో అందించేవాళ్ల అవసరం ఎప్పుడూ రాలేదు. ఆ మాట నేను చెప్పలేదు.

అయితే అందించడం గురించి కంపెనీలో ఒక కట్టుబాటు ఉంది. అందించిన మాట ఎవరు అందించినా సరే, వేషంలో ఉన్నవాళ్లు పలికి తీరాలి. హార్మోనియం దగ్గర ఉన్నవాడూ, తెర తాడు పట్టుకున్నవాడూ ఆ మాట విని తర్వాతి దానికి సిద్ధమైపోతారు. పలకకపోతే ఒక్క తెర ముందు రెండు నాటకాలు నడుస్తాయి. "అందించిన మాట కింద పడకూడదే," అని అత్త నాకు చిన్నప్పుడే చెప్పింది. అది నాకు తెలుసు. తెలియనిది ఇంకొకటి.

మధ్యాహ్నం మూడు గంటలకు మొదలైంది. పెద్ద పెద్ద కిటికీలున్న హాలు. పగటి వెలుగులో అత్త ముఖం మీది రంగు చెమటకు చారలు కట్టింది. నేను ఎడమ పక్కన పుస్తకంతో నిలబడ్డాను. ముందు వరసల్లో నా తరగతి వాళ్లు.

అడవిలో రాణి ఒంటరిగా రాజు కోసం విలపించే రంగం వచ్చింది. చివర ఆవిడ, "అవిగో, నా స్వామి అడుగులు," అనాలి. ఆ మాటకు కుడి పక్క నుంచి తాత రావాలి. అత్త ఆ మాట దాకా వచ్చింది. వచ్చి, ఆగి, పక్కనున్న చెట్టుతో మాట్లాడడం మొదలుపెట్టింది. తర్వాత లేడితో. తర్వాత ఏటితో. అవేవీ పుస్తకంలో లేవు.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నా చెవులు వేడెక్కాయి. మరిచిపోయింది, ఏదో ఒకటి మాట్లాడుతోంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అంతకంటే ఎక్కువగా, ఇది తొందరగా అయిపోతే బాగుండు అనుకున్నాను. మెల్లగా అందించాను. అత్త వినిపించుకోలేదు. మళ్లీ అందించాను. మూడోసారి తరగతిలో పాఠం చదివే గొంతుతో, ఆఖరి వరస దాకా వినిపించేలా చదివాను. హాలంతా నవ్వింది.

అత్త నా వైపు తిరిగింది. కోపంగా కాదు. ఇంకొంచెం ఆగుతావా అని అడుగుతున్నట్టుగా. నేను మళ్లీ వేలితో పుస్తకం చూపించాను.

"అవిగో, నా స్వామి అడుగులు," అంది అత్త.

అడుగులు లేవు. ఎవరూ రాలేదు. పిల్లలు ఇంకా నవ్వారు. కొంతసేపటికి తాత వచ్చాడు. కిరీటం లేదు. భుజం మీద తడి తువ్వాలు. స్తంభం పట్టుకుని రెండు మాటలు అన్నాడు. మూడో మాట రాలేదు. చిన్నాన్న హార్మోనియం గట్టిగా వాయించాడు. తెర పడింది.

నేను కుడి పక్కకు పరిగెత్తాను. అక్కడ ఒక బల్ల ఉంది. బల్ల కింద కిరీటం, ఒలికిన నీళ్లు, పక్కకు దొర్లిన చెంబు. వెనక్కి తిరిగి అత్త నిలబడిన చోటు చూశాను. అక్కడి నుంచి ఆ బల్ల తిన్నగా కనబడుతుంది. ఎడమ పక్కన నిలబడిన నాకు కనబడదు. ముందు కూర్చున్న చిన్నాన్నకూ కనబడదు.

తాతకు ఆయాసం ఉంది. ఎవరికీ తెలియనివ్వకుండా దాచుకునేవాడు. తెలిస్తే రాజు వేషం ఆగిపోతుంది, ఆ వేషం ఆగితే కంపెనీ ఆగిపోతుంది. ఆ బల్ల మీద కూలబడిన ఆయన లేచి నిలబడేదాకా అత్త చెట్టుతోనూ ఏటితోనూ మాట్లాడుతోంది. ఎన్నేళ్లుగా అలా చేస్తోందో ఏమో.

వరండాలో పెద్ద సిస్టర్ అత్తను అడిగారు. "ఏమయిందమ్మా? మరిచిపోయారా?"

"మరిసిపోనానమ్మగారూ," అంది అత్త. "వయసు మీద పడ్డాది."

నేను అక్కడే ఉన్నాను. నోరు తెరవలేదు.

వెళ్లే ముందు బండి దగ్గర అత్త నా చెంప నిమిరింది. గాజుకున్న పిన్నీసు చల్లగా తగిలింది. "బాగా సదివినావే గుంటా," అంది. "నీ గొంతు అంతలాగుంటాదని నాకు తెలీనేదు." వెటకారం కాదు. ఆవిడ వెటకారం చేయాలనుకుంటే తిన్నగానే చేసేది.

ఆ తర్వాత కంపెనీ మళ్లీ ఆడలేదు. శృంగవరపుకోటలో ఒప్పుకున్న ఆట వాళ్లే వద్దన్నారు. రాణికి మతిమరుపట, కిరీటం లేని రాజట, అని నవ్వుకున్నారు. తెర చుట్టి అటక మీద పెట్టారు. అత్త ఊళ్లో వాళ్ల రవికెలు కుట్టి బతికింది. ఎవరైనా ఆ రోజు సంగతి ఎత్తితే తనే ముందు నవ్వేది.

మొన్న అత్తను తీసుకెళ్లే ముందు వచ్చినవాళ్లు తలా ఒక మాట అన్నారు. వంశధార ఒడ్డు కోట్ల సంగతి ఒకరు చెప్పారు. మీసం సంగతి ఇంకొకరు చెప్పారు. తడి కళ్లతోనే అందరూ నవ్వారు. ఆఖరున ఒక పెద్దాయన, "జన్మలో ఒక్కసారే మాట మరిసినాది, ఆ కాన్వెంటులో. దిష్టి తగిలినాది," అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ గుంపులో ఉన్నాను. అప్పుడూ నోరు తెరవలేదు.

ఇది చదువుతున్న మీలో కొందరు ఆ మధ్యాహ్నం ఆ హాలులో ఉండి ఉంటారు. కొందరు నవ్వి ఉంటారు. మీ తప్పేమీ లేదు. నవ్వేలా చేసింది నేను. మా అత్త ఒక్క మాట కూడా మరిచిపోలేదు. తనకు తెలిసిన ఆరు నాటకాలకు తోడు, ఆ రోజు అప్పటికప్పుడు ఇంకొంత నాటకం అల్లుకుంటూ నిలబడింది. దాన్ని నేను ఆపాను. ఆపిన సంగతి ఇంటికి వచ్చాకైనా నేను చెప్పి ఉండవలసింది.

ఆ నాటకం తర్వాత తాత పదకొండు నెలలు మంచంలో బతికాడు. రెండు పూటలా అత్తే అన్నం కలిపి తినిపించేది. అత్త తన కోసం సాగదీసిందే రంగమంతా అనుకున్న ఆయన ప్రతి పూటా, "సగం రంగం మింగేసినావు కదే. కిరీటం ఎట్టుకోనీకుండా పిలిసేసినావు. కంపెనీని ముంచేసినావు," అని తిట్టేవాడు. "అవును నాన్నా, మరిసిపోనాను. నోరు తెరు," అనేది అత్త. సెలవుల్లో నేను పక్క గదిలో ఉండేదాన్ని. ఆ రెండు గదుల మధ్య తలుపు లేదు.