స్లాబుకు మంచినీళ్లు

ఎనభైల చివర్లో దేవరకొండ అవతల ఒక చిన్న ఊళ్లో హాస్టలు కట్టించాను. కట్టించాను అంటే నాదేదో పెద్ద కొలువు అనుకునేరు. కాంట్రాక్టరు కింద సూపర్‌వైజర్‌ని. ఎండలో నిలబడి అరవడం నా పని. అది మాత్రం బాగా చేసేవాణ్ని.

ఆ ఊరికి నీళ్లు రెండు చోట్లే ఉండేవి. ఒకటి తాగే బావి, రెండోది రోడ్డు పక్క బోరు. బోరు నీళ్లలో ఫ్లోరిన్. పక్క ఊళ్లో అలాంటి నీళ్లే తాగి, ముప్పై ఏళ్లకే మోకాళ్లు వంగి, కూర్చుంటే లేవలేని మనుషులుండేవారు. అందుకే వీళ్లు బోరు జోలికి పోయేవాళ్లు కాదు. మేమూ పోలేదు. తాగడానికి పనికొచ్చే నీళ్లే కాంక్రీటుకు వాడాలని రూలు. మోటారు తెచ్చి బావిలో దించాం.

మేస్త్రీ నల్లగొండ సాయిబు, పనిమంతుడు. స్లాబు పోసిన మర్నాడే దాని మీద వరి పొలంలోలాగా గట్లు వేసి, మళ్లు కట్టి, బెత్తెడు నీళ్లు నిలబెట్టాడు. ఆ ఎండలకు పొద్దున నింపినవి సాయంత్రానికి సగమయ్యేవి. నాలుగు రోజుల్లో బావిలో రెండు మెట్లు బయటపడ్డాయి.

బావి పక్కింటి అవ్వ బిందె పట్టుకొని వచ్చింది. "స్లాబే తాగుతాంది బిడ్డా. మేమేం తాగాలె?"

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆమె అన్నది నిజమైనందుకు.

గోనె సంచులు తడిపి కప్పితే పావు వంతు నీళ్లతో సరిపోతుందని నాకు తెలుసు. మేస్త్రీ ఒప్పుకోలేదు. "పగుళ్లొస్తే నా ఇజ్జత్ పోతది సారూ. నీళ్లు కండ్లకు కనబడాలె."

"ఫికర్ చెయ్యకు, నేనున్న" అన్నాను. కాంట్రాక్టరు సంచులివ్వడు. ఇల్లిల్లూ తిరిగాను. ముందు అవ్వ నడిచింది. జొన్నలు నేల మీద కుమ్మరించి మరీ గోనెలు ఇచ్చారు. "బావి ఎండనియ్యను అవ్వా, నాదీ జిమ్మేదారి" అన్నాను. మాట ఇవ్వడానికేం, నోరుంటే చాలు.

పని జరిగింది. స్లాబు ఎక్కడా పగలలేదు. బావిలో నీళ్లు కుదుటపడ్డాయి. కాంట్రాక్టరు జీపులో వస్తే, శభాష్ అంటాడని నేనే తీసుకుపోయి బావి చూపించాను. నా అంత తెలివితక్కువవాడు ఆ జిల్లాలో ఉండడు.

ఆయన వంగి చూశాడు. "నీళ్లు మిగిలినయ్ గద. వంటశాల, వార్డెన్ క్వార్టర్లు వానల దాక ఎందుకు ఆపుడు? ఈ ఎండాకాలమే పోసేద్దాం."

"అవి ఊరోళ్లకని మిగిల్చిన సార్."

"బిల్డింగు ఎవరికయ్యా? ఊరోళ్ల పిల్లలకే గద."

"సరే సార్" అన్నాను. ఇంటి దగ్గర నా మీద ఆధారపడ్డవాళ్లున్నారు. నేను నీళ్లు పొదుపు చెయ్యకపోతే ఆ రెండు స్లాబులు వానల దాకా ఆగేవి. ఆ సంగతి ఇప్పటికీ మింగుడుపడదు.

రెండు స్లాబులకూ గోనెలు చాలలేదు. మేస్త్రీ మళ్లీ మళ్లు కట్టాడు. వారంలో మోటారు బురద కక్కింది. స్లాబు పాడవుతుందని కాంట్రాక్టరు దేవరకొండ నుంచి ట్యాంకరు పంపాడు. స్లాబుకే పంపాడు, ఊరికి కాదు.

ట్యాంకరు దగ్గరికి అవ్వ వచ్చింది. "ఒక్క బిందె బిడ్డా. మనుమరాలు బోరు నీళ్లు నోట్ల పెడుతలేదు."

ఆమె వెనక బిందెలతో వాడకట్టంతా నిలబడి ఉంది. ఒకరికిస్తే అందరికీ ఇవ్వాలి. మేస్త్రీ నా మొహం చూశాడు.

"స్లాబుకు తక్కువైతయి అవ్వా" అన్నాను.

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అయితే స్లాబుకు గా బోరు నీళ్లే పొయ్యరాదు?" అని అడిగింది.

"అవి స్లాబుకు పనికిరావు" అన్నాను.

ఆమె బిందె చంకనెత్తుకొని బోరు దగ్గరికి పోయింది.