రెండు గీతలు, ఒక చుక్క

నా కత్తెర ఎవరు ముట్టుకున్నా నాకు ఒళ్లు మండేది. కొత్తకోటలో బట్టలు కుడతాను. మా ఆయన ఒకసారి ఆ కత్తెరతో పాల ప్యాకెట్ కత్తిరించాడని ఆ పూట ఆయనకు అన్నం కూడా పెట్టలేదు. "గంత ఏముందే గా కత్తెరల?" అని అడిగేవాడు. ఏముందో చెప్పాలంటే మా నాయిన ఉలుల దగ్గర మొదలుపెట్టాలి.

నాయిన రాయి కొట్టేవాడు. ఊరవతల గుట్ట మీద ఒక జట్టు పొలాల కంచెలకు పాతే రాతి కడీలు తీసేది. పొద్దంతా కొడితే ఉలి మొనలు మొద్దుబారతాయి. సాయంత్రం అందరి ఉలులూ ఒకే కొలిమిలో పడేవి. ఎర్రగా కాలి, మొన సాగి, నీళ్లలో చుయ్యిమని బయటికొచ్చాక అన్నీ ఒకే తీరుగా ఉండేవి. ఎవరిది ఏదో తెలియాలంటే ఉలి తలకు కాస్త కింద కొట్టిన గుర్తే ఆధారం. నిశాని అనేవారు దాన్ని. ఒకరిది కాకి కాలు, ఒకరిది అడ్డగీత, నాయినది రెండు గీతలు. అన్న పనిలోకి దిగిన రోజు నాయిన వాడి ఉలుల మీద తన రెండు గీతలే కొట్టి, కొడుకు కాబట్టి పక్కన ఒక చుక్క పెట్టాడు.

నాకేదీ నిశాని అని నేను పోరు పెడితే జట్టంతా నవ్వింది. నా పెళ్లప్పుడు మాత్రం నాయిన ఒక కత్తెర కొనుక్కొచ్చి, దాని పిడి ఇనుము మీద రెండు గీతలు కొట్టి చేతిలో పెట్టాడు.

"నాకు చుక్క లేదా?" అన్నాను.

"చుక్క వానిది. నీకు నాదే ఇచ్చిన గద, ఇంకేం గావాలె?"

వాడికి సొంత నిశాని, నాకు అరువుదా అని మూతి ముడుచుకునే అత్తగారింటికి పోయాను.

కొలిమి దగ్గర ఉండే ముసలాయన్ని ఊరంతా చాచా అనేది. జట్టు ఇనుమంతా ఆయన చేతి మీదుగానే పోయేది. మనిషి పోతే అతని ఉలులు పారేసేవారు కాదు, కానీ మరొకరు పట్టే ముందు చాచా వాటిని కాల్చి, నిశానిని సుత్తెతో సదును చేయాలి. అలా చేయకపోతే ఇనుము తనవాణ్ణి వెతుక్కుంటుందని, పట్టినవాడి చేయి జారుతుందని నమ్మేవారు.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అన్న పోయాడు. దగ్గు. ముందు సర్ది అన్నారు, తర్వాత టీబీ అన్నారు, చివరికి పాలమూరు దవాఖానలో ఎక్స్‌రే చూసి ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్మే అన్నారు. పెళ్లి కూడా కాలేదు వాడికి. మంచం మీద ఉండి కూడా నన్ను ఏడిపించడం మానలేదు. "నా ఉలులు నీకే ఇస్త తియ్, గుండీలకు బొక్కలు కొట్టుకో" అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నవ్వూ ఏడుపూ కలిసే వస్తాయి.

దినాలయ్యాక చాచా ఇంటికొచ్చాడు. "వాని ఇనుము తే, సదును చేస్త" అన్నాడు నాయినతో.

"వద్దు చాచా. వాటితోని నేనే కొడ్త."

"నిశాని ఉంచుకొనా? తప్పు గదరా."

"తప్పయితే నాకే తగలనీ."

జట్టు ఒప్పుకోలేదు. ఆ ఇనుము తమ ఉలులతో కలిసి కొలిమిలో పడటానికి వీల్లేదన్నారు. వాళ్లను తప్పుపట్టలేను, వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు అందులో. నాయిన అప్పటినుంచి గుట్టకు అవతలి పక్కన ఒంటరిగా కొట్టాడు. ఇంటి వెనక చిన్న కొలిమి పెట్టుకున్నాడు. అమ్మ తిట్టుకుంటూనే తిత్తి ఊదేది. అమ్మకు అప్పటికే కళ్లు మసక.

నేను పుట్టింటికి పోయినప్పుడల్లా నాయినతో కొట్లాటే. మొన సాగదీసిన ప్రతిసారీ ఉలి కాస్త పొట్టిదవుతుంది.

"గిట్ల వాడుకుంటపోతే అన్నవి ఒక్కటి మిగలయి నాయినా. దాసిపెట్టరాదు?"

"దాస్తె తుప్పు తింటది." గొంతు తగ్గించాడు. "కొడ్తాంటే వాడు నా పక్కన గూసున్నట్టే ఉంటది బిడ్డా."

ఇంత ప్రేమ ఉన్న మనిషి, వాడు బతికుండగా మూతికి ఒక గుడ్డ కట్టుకోమని ఎందుకు చెప్పలేదని నాకు కోపం వచ్చింది. నాయినా కట్టుకోలేదు.

పోయిన ఎండాకాలం నాయినా అదే దగ్గుతో పోయాడు. ఈసారి ఎక్స్‌రే అవసరం పడలేదు.

చాచా మళ్లీ వచ్చాడు, ఎవరిదో బండి వెనక కూర్చుని. ఇప్పుడు జట్టు లేదు. గుట్టను మిషన్లు కోస్తున్నాయి, కంచెలకు సిమెంటు కడీలు వస్తున్నాయి. ఆ ఉలులు పట్టేవాడు లేకపోయినా కట్టుబాటు తీర్చిపోదామని వచ్చాడు. ఇంటి వెనక కొలిమి రాజేశాడు. అమ్మ వెళ్లి పక్కన కూర్చుంది.

"అన్ని సదును చెయ్యి చాచా, గని ఆయన నిశాని ఉన్నది ఒక్కటి నాకియ్యి. కొడుకుది ఆయన ఉంచుకున్నడు. ఆయనది నేను ఉంచుకుంట." నా వైపు తిరిగింది. "నువ్వు సూసి తియ్యి బిడ్డా."

గోనెసంచి కుమ్మరించాను. అన్నవి సులువుగానే తెలిశాయి, పట్టుకు రానంత పొట్టిగా అరిగి అడుగున పడి ఉన్నాయి. పొడుగువి నాయినవి. ఒకటి తీసి కొంగుతో తుడిచాను. రెండు గీతలు, పక్కన చుక్క. ఇంకోటి తీశాను. చుక్క. నాయిన ఉలులన్నిటి మీదా చుక్క ఉంది. గీతలు పాతబడి నున్నగా ఉన్నాయి, చుక్కలే లోతుగా, కొత్తగా ఉన్నాయి. అన్నవి అరిగి పనికిరాకుండా పోతుంటే నాయిన తన ఉలుల మీద ఆ చుక్క పెట్టుకుంటూ వచ్చాడు. ఇంట్లోనే కాల్చుకునే ఒంటరివాడికి నిశానితో పనేముంది? అయినా పెట్టాడు.

"దొరికిందా?" అంది అమ్మ.

అబద్ధం చెబుదామనుకున్నాను. అమ్మ అప్పటికే చేయి చాపింది. బొటనవేలితో తడిమి చూసింది, ఇంకోటి ఇమ్మంది, ఆఖరిది దాకా అడిగి తీసుకుంది. అన్నీ ఒళ్లో వేసుకుంది.

"ఈయన కొడుకే అయిపోయిండు" అంది. "నాకు మొగడని ఒక్కటన్న ఉంచలే."

చాచా గడ్డం నిమురుకున్నాడు. "ఒకదానికి చుక్క వరకే సదును చేస్త బేటీ. గీతలుంటయి. మీ ఆయనది అయితది."

అమ్మ తలూపింది. ఉలి ఎర్రగా కాలింది. చాచా పట్టకారుతో తీసి దిమ్మె మీద పెట్టి సుత్తె ఎత్తాడు. అమ్మ ఆయన మోచేయి పట్టుకుంది.

"వద్దు చాచా. వాణ్ణి నేనే సంపినట్టయితది."

చాచా సుత్తె దించాడు. ఉలి దిమ్మె మీదనే నల్లబడింది. ఆ రోజు ఒక్క నిశాని కూడా సదును కాలేదు. అమ్మ అన్నీ సంచిలో వేసి మూతి కట్టింది. తనకని ఏదీ తీసుకోలేదు.

కొత్తకోట తిరిగొచ్చాక ఎవరిదో జాకెట్టు గుడ్డ కత్తిరించబోతుంటే పిడి మీది గీతలు నా వేలికి తగిలాయి. ఇన్నేళ్లుగా రోజూ తగులుతూనే ఉన్నాయి. రెండు గీతలే, చుక్క లేదు. గుడ్డ అలాగే వదిలేసి, కత్తెర తీసుకుని పుట్టింటికి బస్సెక్కాను.

ఇప్పుడు నా దగ్గర ఉన్నది కొత్త కత్తెర. ఎవరు ముట్టుకున్నా ఏమీ అనను.

ఆ రోజు నేను బస్సు దిగి పోయేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది. పాత కత్తెర తీసి చేతిలో పెట్టాను. అమ్మ పిడి తడిమింది. ఒక గీత, ఇంకో గీత. బొటనవేలు చుక్క కోసం పక్కకు జరిగింది. నున్నటి ఇనుమే తగిలింది. అమ్మ మళ్లీ మొదటి నుంచి తడిమింది.