నా మడ్ టైర్లు, మా ఊరి డొంక

పోయిన వారం మన జీపుల గ్రూపులో మీ అందరి సలహా అడిగి మరీ నా జీపుకి మడ్ టైర్లు వేయించాను. మొన్న వాన వెలియగానే వాటి సత్తా చూద్దామని మా ఊరి డొంకలోకి దించాను. నల్లరేగడి తడిగా ఉంటే మావాళ్ళు ఆ పొలాల దారిలో సైకిలు కూడా తోలరు, ఆరేదాకా నడిచే పోతారు. నేను మాత్రం బురద చిమ్ముకుంటూ ఆ చివరిదాకా పోయొచ్చి వీడియో పెట్టాను. మీరంతా తెగ మెచ్చుకున్నారు.

ఈ రోజు పొద్దుటికి డొంక ఎండింది. నా టైర్లు చీల్చిన గాడి కూడా అలాగే రాయిలా బిగిసిపోయింది. మిరప కోతలకు వచ్చే ఆడవాళ్ళ ఆటో అందులో పడి కదల్లేదు. అన్నం క్యారేజీలు గట్టు మీద పెట్టి అందరూ నెడుతున్నారు. ఏటా మా చేలో కోతకొచ్చే సువార్తక్క నన్ను చూసి కేకేసింది.

"ఎవడో ట్రాక్టరోడు తడిలో తోలి దారంతా నాశనం చేశాడు బాబూ! వాడికసలు బుద్ధుందా? నువ్వేమన్నా చూశావా?"

"లేదక్కా" అన్నాను.

నా జీపుకి తాడు కట్టి ఆటోని బయటికి లాగాను. టైర్ల పళ్ళ మధ్య మొన్నటి మట్టి ఇంకా అలాగే ఉంది. ఆవిడ అటు చూడనే లేదు. "ప్రభువు నిన్ను చల్లగా చూడాలి నాయనా" అని దీవించి చేలోకి వెళ్ళింది.

ఇంటికొచ్చి ఆ వీడియో తీసేశాను. రేపు పొద్దున్నే పార పట్టుకుని డొంకకి పోతున్నాను. ఈ టైర్లే వేయించమన్నవాళ్ళలో ఎవరైనా వస్తారా? గాడి నేనొక్కణ్ణే పూడ్చుకోగలను. సువార్తక్కకి నిజం చెప్పేటప్పుడే పక్కన ఒక మనిషి కావాలి.