వెర్నా రైఫిలుకు కావలసినవి

యాభై ఎనిమిదేళ్ళ మనిషికి ఒక్క సాయంత్రంలో పదహారేళ్ళ వయసు ఎక్కడి నుంచి వస్తుంది? నలభై ఏళ్ళు పుస్తకాల మధ్య ఉద్యోగం చేశాను, ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను. దీనికి మాత్రం జవాబు దొరకలేదు. కానీ ఆ సాయంత్రాన్ని నేను దగ్గరుండి చూశాను.

ఆమె పేరు వెర్నా హౌగెన్. మోంటానాలోని మా ఊరి బడి వంటగదిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు వంట చేసింది. మా వైపు నలభై ఏళ్ళలోపు వాళ్ళనెవరిని కదిపినా ఆమె చేసే చిల్లీ అనే మాంసం, చిక్కుళ్ళ కూర గురించీ, దాని పక్కన వేడివేడిగా పెట్టే దాల్చినచెక్క రోల్ గురించీ చెబుతారు. పొట్టి మనిషి, వెడల్పు భుజాలు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "రోజూ రెండొందల నలభై మందికి వడ్డిస్తున్నా, ఇంకొకడు కూడానా" అనేది.

నేను ఊరి గ్రంథాలయం చూసేవాణ్ణి. ఇద్దరం రైఫిలు క్లబ్బులో సభ్యులం. నా గురి అంతంత మాత్రం. దుర్భిణిలోంచి చూసి పక్కవాళ్ళ పాయింట్లు రాయడమే నాకు బాగా వచ్చిన పని. వెర్నా నాలుగేళ్ళు క్లబ్బు వాళ్ళు అరువిచ్చే పాత రైఫిలుతోనే కాల్చింది. దాని కట్టెకు అంతకుముందు ఎంతమంది చెంపలు ఆనించారో, నున్నగా అరిగిపోయి ఉండేది. ఆ ఏప్రిల్‌లో ఆమె మొదటిసారి సొంత రైఫిలు కొనుక్కుంది. పోటీల కోసం తయారైన సెమీ ఆటోమేటిక్ అది. ట్రిగ్గరు నొక్కిన ప్రతిసారీ ఒక తూటా పోతుంది, తర్వాతది తనంతట తనే లోపలికి వచ్చి కూర్చుంటుంది.

జూన్‌లో రాష్ట్ర పోటీకి మా క్లబ్బు నుంచి నలుగురు వెళతారు. ముగ్గురి పేర్లు ఎప్పుడూ ఖాయమే. నాలుగో చోటు ఆరేళ్ళుగా డ్వేన్ ఆస్ట్‌బీది. ఆ నాలుగేళ్ళూ ఆ జట్టుకు శాండ్‌విచ్‌లు కట్టిచ్చి, వ్యాను మలుపు తిరిగేదాకా నిలబడి చెయ్యి ఊపే మనిషి వెర్నా.

"ఈసారి శాండ్‌విచ్‌లు ఇంకెవరైనా కట్టాలి ఆల్డెన్," అంది నాతో. "ఆ వ్యానులో నేను కూర్చోవాలి. ఎవరితోనూ అనకు."

ఎంపిక పోటీ మే నెల రెండో ఆదివారం. ఇంకా మూడు వారాలుంది.

గురువారం బడి వదిలాక ఇద్దరం లీలండ్ స్ట్రౌడ్ దుకాణానికి వెళ్ళాం. తుపాకుల సామానుతో పాటు గొడ్లకు కట్టే గంటలూ, కంచె మేకులూ కూడా అమ్మే దుకాణం. వెర్నా తన రైఫిలును సంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది. తూటా కూర్చునే చోట పసుపు ప్లాస్టిక్ పుల్ల గుచ్చి ఉంది. ఆ పుల్ల కనబడితేనే లీలండ్ దగ్గరికొస్తాడు. లోపల ఏమీ లేదని అదే గుర్తు.

"అబ్బో, అబ్బో," అన్నాడు లీలండ్ కళ్ళజోడు పైకి తోసుకుంటూ. డెబ్భై దాటిన మనిషి. "ఇహ దీనికి నగలు చేయిద్దామా? ఇదిగో, కింద తగిలించుకునే రెండు కాళ్ళ స్టాండు."

"మన పోటీలో అది పనికిరాదు. నీకు తెలుసు, నాకూ తెలుసు."

"తెలిసిందో లేదో చూద్దామని అడిగా."

"ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలు నన్నిలాగే పరీక్షించారు లీలండ్. వాళ్ళు నీకంటే తెలివైనవాళ్ళు."

సరిగ్గా అప్పుడే డ్వేన్ వచ్చాడు, గొట్టం శుభ్రం చేసే బ్రష్షు కోసం. ముప్ఫై ఎనిమిదేళ్ళవాడు, ట్రక్కులు బాగుచేస్తాడు. బడిలో ఆమె చేతి వంట తిని పెరిగినవాడే కాబట్టి ఇప్పటికీ 'మిస్ వెర్నా' అనే పిలుస్తాడు. అతని వేట తుపాకీ నిండా లైటూ, పిడీ, సంచీ ఏవేవో వేలాడుతుంటాయి.

"మిస్ వెర్నా, ముందొక లైటు పెట్టించండి. అందంగా ఉంటుంది," అన్నాడు.

"నీది తుపాకీయా, క్రిస్మస్ చెట్టా డ్వేన్? నాకలాంటివొద్దు. అన్నీ కలిపి ఒక్క విడతలో నేను మోసుకుపోగలగాలి. కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే దొరకాలి. వంటగదిలో గరిటె ఎక్కడుందో వెతుక్కునేది వంటమనిషే కాదు."

అన్నట్టే కళ్ళు మూసుకుంది. లీలండ్ ఒక్కో వస్తువూ చేతిలో పెడుతుంటే తడిమి చూసి వద్దనో, ఉండనీ అనో చెప్పింది. నైలాను పట్టీని వేళ్ళతో రెండుసార్లు లాగి వదిలేసింది. తోలు పట్టీ అందగానే ఆగిపోయింది. దాన్ని మోచేతి పైన ఉచ్చులా బిగించుకుని, ముందుచేతికి ఒక చుట్టు తిప్పి పట్టుకుంటే రైఫిలు ఒంట్లో భాగమైపోతుంది. చిల్లుల పక్కన అంకెలు చెక్కి ఉన్నాయి. ఆమె బొటనవేలు ఒక్కో అంకె మీదా నెమ్మదిగా నడిచింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి లీలండ్ కూడా వేళాకోళం మరిచిపోయాడు.

తర్వాత గ్లోవు ఒప్పుకుంది. నేల మీద పరిచే చాప, చప్పుడు ఆపడానికి చెవులకు డిప్పలు, తూటాలు నింపే మ్యాగజైన్లు రెండు ఒప్పుకుంది. రైఫిలు మీది చిన్న దుర్భిణిని అక్కడే బిగింపించుకుంది. నిలబడి రైఫిలెత్తి, గోడ మీది జింక తల వైపు చూసి, "ఇక్కడ, సరిగ్గా ఇక్కడ" అంది. లీలండ్ స్క్రూలు తిప్పాడు. మిగిలింది కోటు ఒక్కటే. మందపాటి గుడ్డా తోలూ కలిపి కుట్టిన కోటది, వేసుకుంటే మనిషి వంగడం కష్టం.

"ఇది కోటా, పరుపా? గుండీలు కూడా మగవాళ్ళ వైపున్నాయి. దీన్లో నేను పిండి కలిపిన ముద్దలా ఉన్నా. ఒద్దు."

"కోటు తీసుకో," అన్నాను నేను.

"నువ్వు పుస్తకాలు చదువుకో."

శనివారం మైదానంలో బడి పేరున్న పల్చటి చొక్కా వేసుకుని చాప మీద పడుకుంది. పట్టీ బిగించింది. మొదటి అయిదు తూటాలయ్యాక లేచి కూర్చుంది. ముఖం వెలిగిపోతోంది కానీ కళ్ళలో కంగారు.

"ఆల్డెన్, గురి గంతులేస్తోంది. టక్, టక్, టక్. లెక్క తప్పకుండా. నా గుండె తుపాకీలో కొట్టుకుంటోంది."

అది నిజంగా ఆమె గుండే. పల్చటి చొక్కా మీద పట్టీ బిగిస్తే చేతి నాడి తోలులోకి, తోలులోంచి రైఫిలులోకి పాకుతుంది. పాత రైఫిలుకున్న వదులు పట్టీతో ఆమెకా సంగతి ఎప్పుడూ తెలియలేదు. పైగా ఆ వారమంతా ఆమె గుండె మామూలు వేగంతో లేదు. మధ్యలో మందపాటి కోటు చెయ్యి అడ్డుంటే ఆ కొట్టుకోవడం అక్కడే ఆగుతుంది. కోటు ఉన్నది అందుకే.

మర్నాటి వరకూ ఆగలేదు. అటునుంచి అటే లీలండ్ దగ్గరికి పోయాం. కోటు తొడుక్కుంది, గుండీలతో కుస్తీ పట్టింది, రైఫిలెత్తింది. దుర్భిణిలో చుట్టూ నల్లటి వలయం తప్ప ఏమీ కనబడలేదు. కోటు మందమంత రైఫిలు ముందుకు జరిగింది, అంటే కన్నుకు దుర్భిణి దూరమైంది. గురువారం నాడు చొక్కాతో, నిలబడి కొలిచిన కొలత మొత్తం తప్పు. పోటీలో అరవై తూటాలు కూర్చునీ పడుకునీ కాల్చాల్సినవాళ్ళు దుకాణం బల్ల దగ్గర నిలబడి దుర్భిణి బిగించుకోవడం మావాళ్ళు తరతరాలుగా చేస్తున్న తప్పే. నాకు తెలిసీ నోరు మెదపలేదు. ఆ గురువారం ఆమె సంబరం చూస్తూ మరిచిపోయాను.

"పడుకోవాలి," అంది వెర్నా.

"ఇక్కడా?" అన్నాడు లీలండ్.

"మరెక్కడ? అడ్డు తియ్యి ఆ మేకుల డబ్బాలు."

రెండు అరల మధ్య చాప పరిచి, ఆ కోటుతో, పట్టీ బిగించుకుని ఆమె బోర్లా పడుకుంది. గొడ్లకు పెట్టే ఉప్పు దిమ్మ కోసం వచ్చిన రైతొకాయన ఆమె కాళ్ళు దాటుకుంటూ, "పడిపోయారా అమ్మా, చెయ్యివ్వనా?" అని అడిగాడు. "పని మీదున్నా, మీ దారిన మీరు పోండి" అంది తల తిప్పకుండా.

లీలండ్ మోకాళ్ళు వంగవు. నా చేతులు వణుకుతాయి. శనివారం కాబట్టి డ్వేన్ అక్కడే కాఫీ తాగుతున్నాడు. వచ్చి ఆమె పక్కన నేల మీద పడుకుని స్క్రూడ్రైవరు అందుకున్నాడు.

"ఇప్పుడెలా ఉంది మిస్ వెర్నా?"

"నల్లగా."

"ఇప్పుడు?"

"కిటికీ తెరిచినట్టుంది. కొంచెం ఇంకా. చాలు. చాలు డ్వేన్, ఊపిరి తియ్యకు."

"ఒరే డ్వేన్," అన్నాడు లీలండ్ పైనుంచి. "ఆవిడ నీ చోటు మీద కన్నేసిందని ఊరంతా అనుకుంటున్నారు. నువ్వే స్క్రూలు బిగిస్తున్నావా?"

నేను వెర్నా వైపు చూశాను. ఎవరితోనూ అనొద్దన్న మాట నేను దాటలేదు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"వదులుగా బిగిస్తే గెలిచినా ఏం గెలిచినట్టు?" అన్నాడు డ్వేన్, ఇంకో పావు చుట్టు తిప్పుతూ.

ఆ మూడు వారాలూ ఆమె వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతూ కూడా ఎడమ మోచెయ్యి ఒంటికి ఆనించి ఊపిరి బిగబట్టేదట. తోటి వంటవాళ్ళు నవ్వేవాళ్ళు. పట్టీ ఆరో చిల్లు నుంచి ఏడుకు మారింది, మళ్ళీ ఆరుకే వచ్చింది. ఒక రోజు నాకు పొద్దున్నే ఫోను చేసి, "రాత్రి నాకు కల్లో కూడా నల్ల వలయం రాలేదు" అని పెట్టేసింది.

ఎంపిక పోటీ నాడు గాలి తక్కువ. నిలబడి, కూర్చుని, పడుకుని, మొత్తం ఎనభై తూటాలు. చివరి ఇరవై తూటాలు ఆరువందల గజాల దూరాన. మా దగ్గర సగంమంది కాలుస్తుంటే సగంమంది టార్గెట్ల కింద కందకంలో ఉండి, ప్రతి తూటాకీ టార్గెటు దించి, చిల్లులో గుండ్రటి బిళ్ళ గుచ్చి, పైకెత్తి చూపిస్తారు. డ్వేన్ తన చివరి ఇరవై ముందు విడతలో కాల్చేశాడు. అతని మొత్తం ఏడువందల అరవై రెండు. రెండో విడతలో అతను కందకంలోకి వెళ్ళాడు. చీటీలు తీస్తే వెర్నా టార్గెటే అతని వంతుకొచ్చింది.

మధ్యాహ్నం శాండ్‌విచ్ తింటూ వెర్నా అప్పటిదాకా కాల్చిన అరవై తూటాల పాయింట్లన్నీ అతని ముందే వాగేసింది, సంబరం ఆపుకోలేక. అంటే ఆమెకెన్ని కావాలో కందకంలో ఉన్నవాడికి స్పష్టంగా తెలుసు.

నేను ఆమె వెనక పెద్ద దుర్భిణి దగ్గర కూర్చుని రాస్తున్నాను. ఆమె కోటు వీపు ఊపిరికి లేచి, సగంలో ఆగేది. తూటా. టార్గెటు కిందికి. బిళ్ళతో పైకి. పది. తొమ్మిది. పది. పందొమ్మిది అయ్యేసరికి నా పెన్సిలు చెమటకు జారుతోంది. చివరిది పది అయితే ఆమెది ఒక్క పాయింటు పైన. తొమ్మిది అయితే సమానం. సమానమైతే టార్గెటు నడిమధ్యన ఎక్కువ తూటాలు వేసిన డ్వేన్‌దే గెలుపు.

ఆఖరిది పోయింది. "కుడివైపు," అంది ఆమె నెమ్మదిగా. "కుడివైపుకు లాగేశా."

టార్గెటు దిగింది. పైకి రాలేదు. పక్క టార్గెట్లు దిగి లేచాయి, మళ్ళీ దిగాయి. మాది రాలేదు. చిల్లు గీత మీద పడితే కందకంలో చిన్న కొలత పుల్ల దూర్చి చూస్తారు. గీతను వెంట్రుకంత తాకినా పెద్ద పాయింటే ఇవ్వాలి. ఆ చూపు కందకంలో ఉన్నవాడిది. అతను తొమ్మిదంటే తొమ్మిదే. ఎదురడగడం మా వాళ్ళు చిన్నతనంగా భావిస్తారు, వెర్నా అసలే అడగదు.

ఆమె పట్టీ విప్పలేదు. చెంప కట్టె మీదే ఉంది.

టార్గెటు లేచింది. బిళ్ళ పదో వలయం కుడి అంచును కొరికినట్టు అంటుకుని ఉంది. పాయింటు చెప్పే నారింజ గుర్తు పది దగ్గర ఉంది.

పది అని రాశాను. రాసిన అంకె మీద మళ్ళీ దిద్దాను. "వెర్నా, నువ్వే," అన్నాను. ఆమె లేచి కూర్చుని, పసుపు పుల్ల గుచ్చి, రైఫిలు కింద పెట్టి, రెండు చేతులూ కోటు మీద పెట్టుకుని అలా ఉండిపోయింది. పళ్ళు బయటపడేలా నవ్వుతోంది. ముగ్గురు జట్టువాళ్ళూ పరిగెత్తుకొచ్చి వీపు మీద చరిచారు. ఆ కోటు మీద ఎంత చరిచినా తగలదు.

"కందకం బండి వస్తోంది," అన్నారెవరో.

నేను పాయింట్ల కాగితం మీద అందరి సంతకాలూ పెట్టించుకుంటున్నాను. తల ఎత్తేసరికి ఆమె చాప పరిచిన చోట నలిగిన గడ్డి మాత్రం ఉంది. కందకం బండిలోంచి డ్వేన్ దిగాడు. టోపీ చేత్తో పట్టుకుని నేరుగా నా దగ్గరికి వచ్చాడు.

"వెంట్రుకంత," అన్నాడు. "మూడుసార్లు చూశా. తాకింది ఆల్డెన్. నాకు తాకకూడదని ఎంతుందో నీకేం తెలుసు. కానీ తాకింది." చుట్టూ చూశాడు. "మిస్ వెర్నా ఏదీ? చెయ్యి కలపాలి."

నేను కంచె వైపు చూపించాను. ఆమె పికప్పు ట్రక్కు గేటు దాటి, గొడ్లు దాటకుండా దారికి అడ్డంగా పరిచిన ఇనుప కమ్మీల మీద గడగడలాడి, కంకర రోడ్డెక్కింది. ఎప్పుడూ ముసలి గుర్రంలా నడిపే మనిషి ఆ రోజు దుమ్ము లేపుకుంటూ పోయింది. తన చోటు తన చేత్తోనే ఇచ్చేసిన డ్వేన్ ముఖం చూడలేకే అలా పారిపోయిందనుకున్నాను.